గంటలు వినబడని వెచ్చదనం

జోసిమో యౌరిని చూడటానికి ఏటా ఎవరో ఒకరు వస్తారు. మెడలో కెమెరా, కాళ్లకి అంగట్లోంచి అప్పుడే దించిన బూట్లు. వయోమింగ్ ఎర్ర ఎడారి నడుమ, పద్దెనిమిది వందల గొర్రెలతో, ఒక కుక్కతో, ఒక గుర్రంతో చలికాలమంతా ఒంటరిగా గడిపే మనిషి అనేసరికి వాళ్లకి ఎక్కడలేని భక్తి ముంచుకొస్తుంది. ఈ ఏకాంతం మీకేం నేర్పింది అని అడుగుతారు. జోసిమోకి వచ్చిన ఇంగ్లీషు మొత్తం పోగేస్తే ఓ యాభై మాటలు. సగం గొర్రెలవి, సగం వాతావరణానివి. ఏం చెప్పాలో తోచక "చలి" అంటాడు. వాళ్లు అదేదో వేదాంతంలా పుస్తకంలో రాసుకుని వెళ్లిపోతారు.

అందులో వేదాంతం లేదు. జనవరిలో ఆ నేల మీద సున్నాకి ముప్పై డిగ్రీలు కిందికి పోతుంది, అంతే. ఇక ఏకాంతమంటారా, పెరూ కొండల్లో నాలుగు వేల మీటర్ల ఎత్తున, పక్కిల్లు గంట నడకలో ఉండే చోట పుట్టినవాడికి అదేమంత వార్త కాదు. ఆరో ఏట అతన్ని గొర్రెల వెనక నిలబెట్టారు. ముప్పై రెండో ఏట, ఊళ్లో సగం మంది మగవాళ్లలాగే, కాపరి కాంట్రాక్టు మీద సంతకం పెట్టి వయోమింగ్ వచ్చాడు. ఇప్పుడు యాభై నాలుగు. మూడేళ్లు ఇక్కడ, మూణ్ణెల్లు అక్కడ.

అతనికి నిజంగా వచ్చిన విద్యలు రెండు. ఒకటి, ఏడడుగుల వెడల్పు పెట్టెలో చలికి చావకుండా ఉండటం. రెండోది, చెవులతో మందని కాయడం. ఆ రెండు విద్యలకీ మధ్య వచ్చిన పేచీయే ఇక్కడ చెప్పబోయేది.

పందొమ్మిదేళ్లు అతను ఒకే బండిలో ఉన్నాడు. చక్రాల మీద రేకుల గుడిసె లాంటిది. లోపలికి అడుగు పెట్టగానే కుడిపక్క ఇనప పొయ్యి, ఎదురుగా అడ్డంగా మంచం, మంచం కిందనుంచి లాగితే బల్ల. పొయ్యిలో రెండు రాక్షసి బొగ్గు పెళ్లలు వేసి బూడిద కప్పితే, ఎనిమిది గంటలు కణకణలాడుతుంది, కిక్కురుమనకుండా. తలుపు అడ్డంగా రెండు ముక్కలు. కింది ముక్క మూసే ఉంటుంది. పై ముక్క ఎంత చలైనా తెరిచే ఉంటుంది. కొత్తగా చూసినవాళ్లు నవ్వుకుంటారు, పొయ్యి రాజేసి తలుపు తీసుకోవడమేమిటని. పొయ్యి మనిషికి, తలుపు గొర్రెలకి. మందలో వందకొకటి చొప్పున పద్దెనిమిది గొర్రెల మెడలో గంటలుంటాయి. నిలబడ్డ మంద గంటలు చెల్లాచెదురుగా, ఒకటి ఇప్పుడు, ఒకటి కాసేపాగి మోగుతాయి. నడిచే మంద గంటలన్నీ కలిసిపోయి ఒకే వరసన మోగుతాయి. ఆ తేడాకి జోసిమో ఎంత నిద్రలో ఉన్నా లేచి కూచుంటాడు.

కిందటేడు కాపరుల వసతి తనిఖీకి ప్రభుత్వం తరఫున ఒకాయన వచ్చాడు. మంచి మనిషి, చిక్కంతా అక్కడే. బండి చూసి, పొయ్యి చూసి, రెండు ముక్కల తలుపు చూసి నొచ్చుకున్నాడు. ఈ రోజుల్లో మనుషులు ఇలా బతకకూడదని రాశాడు. ఆ రాతకి జడిసి మంద యజమాని నవంబరుకల్లా ఒక చిన్న క్యాంపింగ్ ట్రైలర్ కొన్నాడు. పాతదే గానీ తెల్లగా మెరుస్తుంది. సెలవుల్లో పిల్లాపాపలతో సరస్సు ఒడ్డున ఆపుకునే రకం. పాత బండి మాత్రం వృథా పోలేదు. దాన్ని తన ఇంటి వెనక నిలబెట్టి, పరుపు మార్చి, కిటికీకి పూల తెర కట్టి, వేసవిలో పట్నంవాళ్లకి రాత్రికింతని అద్దెకిస్తున్నాడు. మనుషులు అలా బతకకూడదు. సరదాకి ఒక్క రాత్రి మాత్రం బతకొచ్చు.

ట్రైలర్‌ని ఎడారిలోకి లాక్కొచ్చినవాడు నికనోర్. జోసిమోది ఏ జిల్లానో ఇతనిదీ అదే, పన్నెండేళ్లు చిన్న. తనూ కాపరిగానే వచ్చి, పికప్ నడపడం నేర్చుకుని, ఇప్పుడు నలుగురు కాపరులకి వారానికోసారి తిండీ నీళ్లూ గ్యాసూ అందించే పని చేస్తున్నాడు.

"ఇదిగో అన్నా, నీ బంగళా," అన్నాడు తలుపు బార్లా తీసి. "బొగ్గు మొయ్యక్కర్లేదు, బూడిద ఎత్తిపొయ్యక్కర్లేదు. ఈ మీట ఇట్లా తిప్పావంటే పెళ్లికొడుకులా పడుకోవడమే."

జోసిమో లోపలికి రాలేదు. తలుపు పట్టుకుని ఊపి చూశాడు. "ఇది ఒకటే ముక్కా?"

"ఎన్ని ముక్కలుండాలేంటి?"

"రెండు."

"ఊళ్లో అందరికీ తలుపు ఒకటే ముక్క అన్నా. నీకొక్కడికే రెండు కావాల్సొచ్చింది."

నికనోర్ మీట తిప్పాడు. మంచం కింద ఏదో టిక్కుమంది, ఫ్యాను తిరగడం మొదలైంది, తర్వాత మంట అంటుకున్న చప్పుడు, ఆ వెనకే హోరు. వేడి గాలి జోసిమో మోకాళ్లకి తగిలింది.

"ఆ హోరేంట్రా?"

"ఫ్యాను. వేడిని బయటికి తోస్తుంది."

"హోరు ఆపేసి వేడి ఉంచు."

"ఆపితే వేడి కూడా ఆగుతుంది. రెండూ ఒకటే."

"అయితే నేను గొర్రెల్ని ఎట్లా వినాలి?"

"వాటికి ఫోన్లు కొనివ్వమని యజమానికి చెప్తాలే," అని నికనోర్ గోడ మీది చిన్న పెట్టె చూపించాడు. వరసగా నాలుగు ఆకుపచ్చ దీపాలు. "ఇది బ్యాటరీ. ఫ్యానుకి కరెంటు ఇదే ఇస్తుంది. పైకప్పు మీద పలక ఉంది చూశావా, ఎండ పడితే అది దీన్ని నింపుతుంది. నాలుగు దీపాలుంటే కడుపు నిండినట్టు. ఒకటుంటే ఆకలి."

"ఎండ పడకపోతే?"

"ఎందుకు పడదు? పడుతుందిలే."

ఆదివారం జోసిమో గుట్టెక్కి ఫోను చేశాడు. సిగ్నలు అందేది ఆ గుట్ట మీదే. భార్య ఎఉఫేమియా నవ్వడం అయ్యాకగానీ మాట్లాడలేకపోయింది.

"ఏమయ్యా దొరగారూ, మీట తిప్పితే వేడొస్తుందంటగా? నాకిక్కడ పిడకలు ఏరుకోలేక నడుం పడిపోతోంది."

"వేడొస్తుంది, చెవులు పోతాయి."

"నీ చెవులు ఎప్పుడు పనిచేశాయని? పదేళ్లుగా కప్పు కారుతోందని మొత్తుకుంటున్నా, ఒక్కసారైనా వినబడిందా?"

"అది వేరు."

"అవునవును, గొర్రెలు మొత్తుకుంటే ఈపాటికి కప్పు మార్చేసేవాడివి."

డిసెంబరంతా జోసిమో ఆ పెట్టెతో పోట్లాడాడు. తలగడ పక్కన జానెడు కిటికీ ఉంది. దాన్ని పాత అలవాటు కొద్దీ తెరిచి పడుకునేవాడు. లోపలి వేడి బయటికి జారిపోయేది, హీటరు ఆగకుండా తిరిగేది, తెల్లారేసరికి ఒకే దీపం మిగిలేది. కిటికీ మూస్తే ఒళ్లు వెచ్చబడేది, మంద మాయమైపోయేది. అద్దాల మీద ఊపిరి గడ్డకట్టి తెల్లటి పొర. కనబడేది లేదు, వినబడేది లేదు. చివరికి అతను ఒక పద్ధతి కనిపెట్టాడు. కాసేపు హీటరు, కాసేపు నిశ్శబ్దం. మీట ఆపి, ఊపిరి బిగబట్టి, పద్దెనిమిది గంటల్లో ఎన్ని వినబడితే అన్ని విని, మళ్లీ మీట తిప్పడం. నికనోర్ ఆ సంగతి తెలిసి తల పట్టుకున్నాడు.

"మళ్లీ మళ్లీ ఆపి పెడితే అది పాడవుద్ది అన్నా. ఒక్కసారి పెట్టి వదిలెయ్యి."

"నువ్వు మందని ఒక్కసారి చూసి వదిలేస్తావా?"

ఈ మొండితనం వెనక కారణం ఉంది. ట్రైలర్‌కి దక్షిణంగా అరమైలు దూరంలో నేల ఒక్కసారిగా తెగిపోతుంది. ఎప్పటివో వాననీళ్లు కోసిన గండి. ఇద్దరు మనుషుల లోతు, నిటారు గోడలు. మంచు పడితే అంచు ఎక్కడుందో తెలియదు. అయిదేళ్ల కిందట పొరుగు మంద ఒకటి మంచు తుఫానులో గాలి తోసినట్టల్లా నడిచి అందులో పడింది. మొదటివి పడ్డాయి, వెనకవి వాటి మీద పడ్డాయి, వాటి వెనకవి వాటి మీద. మూడు వందల పైచిలుకు. ఎక్కువభాగం దెబ్బలతో కాదు, కింద ఊపిరాడక చచ్చాయి. రెండ్రోజులు జోసిమో వాటిని కాళ్లు పట్టి లాగాడు. ఆ మంద కాపరిని వారంలో ఇంటికి పంపేశారు. ఆ మనిషిని మళ్లీ ఎవరూ పిలవలేదు. ఇప్పుడు జోసిమో మందలో గొర్రెలన్నీ చూలువి. ఒక్కోటి పడితే రెండు పడ్డట్టు.

జనవరి మూడో వారంలో రెండ్రోజులు మబ్బు పట్టింది. మూడో రోజు పొద్దున్న నికనోర్ చేతి రేడియోలో పలికాడు.

"దారి మూసేశారు అన్నా. ఇవాళ రాలేను. రేపు ట్రాక్టరు మీద వస్తా. పడమటి గాలట, గట్టిగా ఉంటుందట. మందెక్కడుంది?"

"గుట్ట చాటున. నేనూ ఇక్కడే."

"దీపాలెన్ని?"

"రెండు."

"పలక మీద మంచు దులుపు."

"దులిపా. దులిపితే మాత్రం, ఎండేదీ?"

పదకొండుకల్లా తుఫాను దిగింది. గాలి పడమటినుంచి గుట్ట మీదుగా దూకి తలల పైనుంచి పోతోంది. గుట్టకి తూర్పున మంద చెదరకుండా నిలబడింది. గడ్డి మీద మంచు పెంకులా గట్టిపడి రెండు రోజులుగా అవి సరిగ్గా మేయలేదు. మొక్కజొన్న బస్తాలు విప్పేముందు గుర్రాన్ని కట్టేద్దామని జోసిమో వెళ్తూ, ఊట దగ్గర మంచు కింద ఎంత నీరుందో చూసుకోలేదు. పెంకు విరిగి కుడికాలు పిక్కదాకా దిగింది.

అక్కడి చలిలో తడికాలు అంటే ఆలోచించుకునే వ్యవధి ఉండదు. గుర్రాన్ని వదిలేసి ట్రైలర్‌లోకి వచ్చి బూటు లాగాడు. మేజోడు చర్మానికి అంటుకుని ఊడింది. అయిదు వేళ్లూ కొవ్వొత్తుల్లా తెల్లబడి ఉన్నాయి, గిల్లితే తెలియలేదు. కిటికీ మూసి మీట తిప్పాడు. హోరు మొదలైంది. కాలు వేడి గాలికి చాపి కూచున్నాడు.

పావుగంటకి మీట ఆపాడు. విన్నాడు. టంగ్. కాసేపాగి, దూరంగా ఇంకోటి. ఎడమ పక్క రెండు. నిలబడే ఉన్నాయి. మళ్లీ తిప్పాడు. వేళ్లలో ఎక్కడో లోతున నొప్పి పుట్టింది. నొప్పి రావడం మంచిదే. ఇంకో పావుగంటకి మళ్లీ ఆపాడు. నిలబడే ఉన్నాయి. దీపం ఒకటే మిగిలింది, అదీ రంగు మారింది. నొప్పి మడమదాకా పాకి కళ్లనీళ్లు తెప్పించింది. ఈసారి అతను పావుగంట కన్నా ఎక్కువసేపే కూచున్నాడు. ఎంతసేపన్నది తర్వాత అతనికే తెలియలేదు. వెచ్చగా ఉంది. హోరు జోలపాటలా ఉంది.

ఉలిక్కిపడి మీట ఆపాడు.

మొదట తెలిసింది గంటలు కాదు, ట్రైలర్ ఊగుతున్న తీరు. పొద్దుటినుంచి పడమటి గోడ మీద పడుతున్న గాలి ఇప్పుడు ముక్కు వైపునుంచి కొడుతోంది. గాలి ఉత్తరానికి తిరిగింది. గుట్ట చాటు ఇంక చాటు కాదు. గాలి ఊపిరి తీసుకున్న ఒక్క క్షణంలో గంటలు వినబడ్డాయి, అన్నీ కలిసిపోయి, ఒకే వరసన, దూరమవుతూ.

అప్రయత్నంగా అతని చెయ్యి మీట మీదికి పోయింది. బయటికి వెళ్లేముందు కాలికి ఇంకో నిమిషం వేడి కావాలనిపించిందేమో. ఫ్యాను మూలుగుతూ నెమ్మదిగా తిరిగింది. టిక్. మంట అంటుకోలేదు. టిక్. టిక్. దీపం ఆరిపోయింది. బ్యాటరీలో మిగిలిన ప్రాణం ఫ్యానుని సరిపడా తిప్పడానికి చాలలేదు. అది సరిపడా తిరిగితేగానీ గ్యాసు వెలగదు. ట్రైలర్ నిండా నిశ్శబ్దం.

జోసిమో కాలికి పొడి మేజోడు తొడిగి, బస్తాలోంచి పచ్చి ఉన్ని తీసి చుట్టి, రబ్బరు బూటులోకి దూర్చాడు. మూడు తాళ్లు ఒకదానికొకటి ముడేసి, ఒక కొస ట్రైలర్ ముక్కుకి, ఒక కొస నడుముకి కట్టుకున్నాడు. అరవై అడుగుల దూరం వస్తుంది. బయట అతనికి తన చెయ్యి కనబడింది; చేతిలోని, మందని పిలిచే రేకు డబ్బా కనబడలేదు.

ట్రైలర్‌కి దక్షిణాన, గుట్ట తోక వచ్చి కలిసేచోట ఒక మూల ఉంది. ఉత్తరపు గాలికి ఆ ఒక్కచోటే కొంచెం చాటు. అక్కడ నాలుగు బస్తాల మొక్కజొన్న కోసి పారబోశాడు. అయిదో బస్తాలోంచి డబ్బా నింపుకుని, తాడు బిగిసేదాకా దక్షిణానికి నడిచి, డబ్బా ఆడించాడు. గలగల. గలగల. గొంతు చించుకుని కూతేశాడు. గాలి వీపు మీదనుంచి ఆ చప్పుడు ఎత్తుకుని మంద వైపే పట్టుకుపోతోంది. ఆ రోజు గాలి చేసిన ఒకే ఒక్క మేలు అది.

"చూన్యో!" అని అరిచాడు. వాళ్లూళ్లో ఎండబెట్టిన బంగాళదుంప పేరది; కుక్కా అలాగే నల్లగా ముడుచుకుని ఉంటుంది. "పో! ముందుకి పో! తిప్పు!"

కుక్క తెల్లదనంలోకి పోయి మాయమైంది.

గొర్రె గాలికి ఎదురు నడవదు. రెండు రోజులు తిండి లేని గొర్రె, డబ్బా చప్పుడు తెలిసిన గొర్రె, నడిస్తే నడవొచ్చు. ఆ 'నడిస్తే' మీద పద్దెనిమిది వందల ప్రాణాలున్నాయి. జోసిమో డబ్బా ఆడిస్తూనే ఉన్నాడు. కుడికాలు ఉందో లేదో తెలియడం లేదు. గంటల వరస సన్నబడింది. ఇంకా సన్నబడింది. తర్వాత, గాలి ఆగిన ఒక సందులో, ఆ వరస చెదిరింది. ఒక గంట ఆగింది, ఇంకోటి తడబడింది, నాలుగు పక్కకి తిరిగాయి. తెల్లదనంలోంచి ఒక గొర్రె మొహం, ముక్కు మీద మంచు గడ్డలతో, అతని తొడకి గుద్దుకుంది. దాని వెనక ఇంకోటి. ఇక అవి వరదలా వచ్చి పడ్డాయి, అతన్ని తోసుకుంటూ, మొక్కజొన్న వైపు.

మంద మీద పడి తొక్కినంత పనైనా అతను కదల్లేదు, గంటలు లెక్కపెడుతున్నాడు. పన్నెండు. పద్నాలుగు. పదిహేడు.

పద్దెనిమిదోది ఒంటికన్నుది. ఎప్పుడో నక్క పీకిన కన్ను. దాని మెడలోది డొక్కు గంట. పగిలిన గిన్నె మీద కొట్టినట్టుంటుంది. ఎప్పుడూ మంద ముందు నడిచేది అదే. కుక్క దాని గుడ్డి పక్కనుంచి పోయిందేమో, అది తిరగలేదు. డొక్కు గంట వినబడుతూనే ఉంది, దక్షిణంగా, తొణక్కుండా నడుస్తూ. ఒంటికన్నుది ఒక్కతే పోదు. దాని వెనక ఎన్నో కొన్ని పోతూ ఉంటాయి.

నడుముకి తాడు బిగిసి ఉంది. ముడి విప్పితే, వంద అంగలు పరిగెత్తితే, అందుకోవచ్చు. వంద అంగలు పోయాక ట్రైలర్ ఎటుందో దేవుడికి కూడా తెలియదు. ఇక్కడున్న మంద చుట్టూ కుక్క ఒక్కటే. మొక్కజొన్న అయిపోగానే మళ్లీ గాలి వెంట పడతాయి. జోసిమో చెయ్యి ముడి మీదికి వెళ్లింది. చేతికి తొడుగు ఉంది, ముడి గడ్డకట్టింది. తొడుగు పళ్లతో లాగాడు. వేళ్లు ముడి మీద ఆనించి, చాలాసేపు అలాగే నిలబడ్డాడు. డొక్కు గంట చిన్నదైంది. అతను కూతేశాడు. మళ్లీ వేశాడు. ఆ తర్వాత ఆ గంట ఉండాల్సిన చోట గాలి మాత్రమే ఉంది.

తొడుగు వేసుకుని, తాడు చేతికి చుట్టుకుంటూ వెనక్కి వచ్చాడు.

చీకటి పడేదాకా అరబస్తా చొప్పున మొక్కజొన్న పోస్తూ, మందని ఆ మూలలో కదలకుండా ఉంచాడు. అవి ట్రైలర్‌ని ఆనుకుని, ట్రైలర్ కింద దూరి, ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకున్నాయి. లోపల వంటపొయ్యి అగ్గిపుల్లతో వెలుగుతుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. వేడికి దాన్ని వాడరాదని పక్కనే కాగితం అంటించి ఉంది. పైకప్పు మూత పిడికెడు, కిటికీ జానెడు తెరిచి పెట్టాకే వెలిగించాడు. మూసిన గుడిసెలో నిప్పు ఏం చేస్తుందో అతనికి కాగితాలు చెప్పనక్కర్లేదు; చిన్నప్పుడు పినతల్లి ఒకావిడ అలాగే పోయింది. చలికి గ్యాసు సరిగ్గా రాక మంట గోరంత అయినప్పుడల్లా, గోరువెచ్చని నీళ్లు తీసుకెళ్లి సిలిండరు మీద పోసొచ్చాడు. నేల మాత్రం అతను అనుకున్నంత చల్లబడలేదు. కింద వంద గొర్రెలు ఊపిరి తీస్తున్నాయి. తెల్లవార్లూ ట్రైలర్ వాటి వీపుల మీద కొంచెం కొంచెం ఊగింది. పదిహేడు గంటలూ చెవి పక్కనే మోగాయి.

మర్నాడు గాలి లేదు. పదింటికి నికనోర్ ట్రాక్టరు మీద వచ్చేసరికి జోసిమో గండి అంచున కూచుని ఉన్నాడు.

"ఎన్ని?"

"నలభై ఒకటి."

నికనోర్ గండిలోకి ఒకసారి చూసి, రేడియో తీసి యజమానికి చెప్పాడు. అవతలి గొంతు పకపకా నవ్వింది. పొరుగు మందల్లో వందలకొద్దీ పోయాయట. "నీ పేరు చెప్పి ఈ రాత్రి సీసా విప్పుతాట్ట," అన్నాడు నికనోర్. "నలభై ఒకటంటే ఏమీ కాదంటున్నాడు."

"నేను విన్నాను వాటిని," అన్నాడు జోసిమో. "పోతుంటే విన్నాను. ఒక్క పావుగంట ముందు వినుంటే తిప్పేవాణ్ణి."

నికనోర్ బూటు తీయించి కాలు చూశాడు. చిటికెన వేలు, దాని పక్కది నల్లబడి ఉన్నాయి. "లే. ఆస్పత్రికి పోవాలి. నీ మంద దగ్గర ఇవాళ నేనుంటా, యజమాని దగ్గర్నుంచి మనిషిని రప్పించి నిన్ను పంపిస్తా."

"పోతా. ముందు రంపం ఇవ్వు."

"వేళ్లు డాక్టరు కోస్తాడు అన్నా, నువ్వు కోసుకోవక్కర్లేదు."

"గోడకిరా, వెధవా."

ట్రైలర్‌కి తిరిగొచ్చి, తెచ్చిన కొత్త బ్యాటరీ బిగించి, నికనోర్ జేబులోంచి నెలనెలా నింపాల్సిన కాగితం తీశాడు. "లోపల చాలినంత వేడి ఉందా అని అడుగుతున్నారు. అవునా, కాదా?"

"ఎండుంటే అవును."

"ఎండకి గడి లేదు."

"గంటలు వినబడతాయా అని ఉందా?"

"లేదు."

"అయితే నీకేది తోస్తే అది పెట్టు," అని జోసిమో తలగడ పక్క గోడ మీద పళ్లెం ఆనించి, చుట్టూ మేకుతో గీశాడు. రంపం దించాడు. పల్చటి చెక్క, మధ్యలో మెత్తటి నురగ అట్ట, పైన రేకు. నికనోర్ గుండె చేత్తో పట్టుకున్నాడు.

"తనిఖీ ఆయన చూస్తే? కంపెనీ వస్తువుకి కన్నం పెట్టాడని రాస్తాడు!"

"జనవరిలో రమ్మను. వచ్చి నా పక్కన పడుకుని రాయమను."

కన్నంలోంచి తెల్లటి వెలుగు తలగడ మీద పడింది. గోనెసంచీ ముక్కలో ఉన్ని కూరి దానికి సరిపడా బిరడా చేశాడు. పెట్టి చూశాడు, తీసి చూశాడు. తర్వాత మీట తిప్పాడు. హీటరు హోరుమంది. మంచం మీద పడుకుని చెవి కన్నానికి ఆనించాడు.

"ఆ గంట తీసుకుని దూరంగా పో."

నికనోర్ చేతిలో ఉన్నది ఒంటికన్నుదాని మెడలోంచి పొద్దున్న కోసుకొచ్చిన డొక్కు గంట. దాన్ని ఆడిస్తూ ఇరవై అంగలు నడిచాడు. "వినబడుతోందా?"

"ఇంకా పో."

యాభై అంగలు. మంచులో మోకాళ్లదాకా దిగబడుతున్నాడు. "ఇప్పుడు?"

"ఇంకా."

"ఇవాళ గాలి లేదు అన్నా, అందుకే వినబడుతోంది!"

"గాలి లేచినప్పుడు ఇంకోసారి నడిపిస్తాలే. పో."

నికనోర్ తిట్టుకుంటూ, గంట ఆడిస్తూ, మంద పక్కనుంచి దక్షిణంగా నడిచాడు. తిట్లు వినబడటం మానేశాయి. మనిషి చీమంత అయ్యాడు. జోసిమో కళ్లు మూసుకున్నాడు. హోరుకి అవతల, చాలా సన్నగా, పగిలిన గిన్నె మీద కొట్టినట్టు, గండి వైపు నడుస్తోంది ఆ గంట. అది ఆగినచోటు అతనికి ఖచ్చితంగా తెలిసింది. అంచుకి నాలుగు అంగల ఇవతల.

లేచి, కన్నంలో నోరు పెట్టి అరిచాడు.

"అక్కడే ఆగు! ఇంక అడుగెయ్యకు!"